పెనాంగ్ జార్జ్ టౌన్: సున్నం గోడల కోసమైనా వెళ్ళొచ్చు

మలేషియా అనగానే మన కడప ట్రావెల్స్ వాళ్ళు ఒకటే పాట పాడతారు. కౌలాలంపూర్ జంట టవర్లు, బాటు కేవ్స్, జెంటింగ్ కొండ, అంతే. పెనాంగ్ ద్వీపం గురించి అడిగితే "అక్కడేముంది సార్, పాత ఇళ్ళు" అన్నాడు ఒకాయన. నాకు కావలసింది ఆ పాత ఇళ్ళే. నేను చేసేది ఇళ్ళు కట్టించే పని. మా నాయన మేస్త్రి, నేను కాంట్రాక్టరు. కొత్త బిల్డింగులు చూడ్డానికి విమానమెక్కాల్సిన అవసరం నాకు లేదు.

చదివే ఓపిక లేనివాళ్ళకి మార్కులు ముందే చెప్తాను. పెనాంగ్ ద్వీపంలోని జార్జ్ టౌన్ పాత ఊరికి ఐదుకి నాలుగున్నర. అందులోని నీలం భవంతి బ్లూ మాన్షన్‌కి ఐదుకి ఐదు. తిండికి నాలుగు (మా అమ్మ లెక్కలో రెండున్నర). మేం దిగిన గెస్ట్‌హౌస్‌కి ఒకటిన్నర, అది కూడా అక్కడి వంటామె ముఖం చూసి.

వెళ్ళడం ఇప్పుడు పెద్ద టెన్షన్ కాదు. కడపలో రైలెక్కితే చెన్నై, చెన్నై నుంచి పెనాంగ్‌కి నేరుగా విమానం ఉంది, కౌలాలంపూర్‌లో మారే పని లేదు. మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి 2023 డిసెంబర్ నుంచి వీసా లేకుండా 30 రోజులు ఉండనిస్తున్నారు. అయితే ఇలాంటివి మారుతుంటాయి కాబట్టి టికెట్లు తీసేముందు ఒకసారి చూసుకోండి. అక్కడ దిగే ముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డ్ నింపాలి. మనిషికొకటి, పిల్లలకి కూడా. మా పాప ఫోన్‌లో అందరివీ నింపేసింది. ఆ పనికి డబ్బులు అడిగే ఏజెంట్లు ఉన్నారు, ఇవ్వకండి, అది ఉచితం.

బస సంగతి. పాత ఊరి నడిబొడ్డున, పాత అంగడి ఇంటిని గెస్ట్‌హౌస్‌గా మార్చినదాంట్లో గదులు తీసుకున్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కింది గది కావాలని బుక్ చేసేటప్పుడే రాశాను. తీరా వెళ్తే పై అంతస్తు ఇచ్చారు. ఆ ఇళ్ళలో చెక్క మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉంటాయి. అమ్మ కింద నిలబడి పైకి చూసి, "ఇది ఎక్కితే నేను దిగేది మలేషియాలో కాదు నాయనా, నేరుగా పైకే" అంది. రాత్రంతా గొడవపడితే పొద్దున కింది గది ఖాళీ చేసిచ్చారు. దానికి కిటికీ లేదు. ఆ ఇళ్ళకి వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ, మధ్య గదులకి గాలీ వెలుతురూ నడిమి వాకిలి నుంచే రావాలి. ఆ వాకిలిని వీళ్ళు అద్దంతో మూసి ఏసీ పెట్టారు. కట్టినవాడి తెలివంతా అక్కడితో పోయింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఊరి అంచున లిఫ్ట్ ఉన్న మామూలు హోటల్ తీసుకుని, పొద్దునా సాయంత్రం పాత ఊరికి రావడం మేలు.

ఇక ఊరు. 1786లో ఫ్రాన్సిస్ లైట్ అనే ఇంగ్లీషు వ్యాపారి కెడా సుల్తాను దగ్గర ఈ ద్వీపాన్ని ఈస్టిండియా కంపెనీ కోసం పుచ్చుకున్నాడు. శత్రువులొస్తే కాపాడతామని సుల్తానుకి మాటిచ్చాడు, కంపెనీ ఆ మాట నిలుపుకోలేదు. ఏడాదికి 6,000 స్పానిష్ డాలర్లు చేతిలో పెట్టి సరిపెట్టింది. 1800లో ఎదురుగా ఉన్న ఒడ్డున ఇంకొంత నేల కూడా కలుపుకుని ఆ మొత్తాన్ని 10,000 చేసింది. అదే 1800లో నిజాం మన కడపని కూడా కంపెనీకి రాసిచ్చాడని పాపకి చెప్తే, "అంటే ఇద్దరికీ ఓనర్ ఒకడేనా" అంది. అవును మరి.

లైట్ చేసిన తెలివైన పని ఒకటుంది. రేవులో సుంకం లేదన్నాడు. దాంతో మిరియాలు, లవంగాలు, జాజికాయ, తర్వాత్తర్వాత పెరాక్ గనుల తగరం, అన్నీ ఇటొచ్చాయి. సరుకు వెంట మనుషులొచ్చారు. చీనావాళ్ళు, తమిళ ముస్లింలు, చెట్టియార్లు, ఆర్మీనియన్లు, బర్మావాళ్ళు. వచ్చినవాడు వచ్చినట్టు ఒక వీధి పట్టుకున్నాడు. 2008లో యునెస్కో ఈ ఊరిని మలక్కాతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది కూడా ఒక పెద్ద కట్టడాన్ని చూసి కాదు, ఈ వీధులన్నీ ఇంకా వీధులుగానే ఉన్నందుకు. నడిస్తేనే తెలిసే ఊరు ఇది.

నడవడానికి ప్రతి ఇంటి ముందూ పైకప్పున్న వసారా ఉంటుంది, ఇంటింటికీ కలిసి వీధి చివరిదాకా పోతుంది. ఎండా వానా రెండూ తగలవు. వినడానికి బాగానే ఉంది కదా. కానీ ఒక ఇంటి వసారా జానెడు ఎత్తు, పక్కింటిది మూరెడు పల్లం. ఒకచోట టైల్స్, ఇంకోచోట గ్రానైట్, మరోచోట బైకులు, గ్యాస్ సిలిండర్లు, దేవుడి గూడు ముందు వెలిగించిన అగరొత్తులు. వీల్‌చెయిర్ కుదరదు. అమ్మ కోసం మేం రిక్షా మాట్లాడుకున్నాం. అక్కడ సీటు ముందుంటుంది, తొక్కేవాడు వెనక. ప్లాస్టిక్ పూలతో పెళ్ళి మండపమంత అలంకరణ. ఎక్కకముందే రేటు తేల్చుకోండి, గంటకా, మొత్తానికా అని రెండుసార్లు అడగండి. ఊళ్ళో ఉచితంగా తిరిగే బస్సు కూడా ఉంది, దూరం నడవలేనివాళ్ళకి అదే దిక్కు.

మన ఎండకి అలవాటు పడ్డవాళ్ళం, 31 డిగ్రీలు ఒక లెక్కా అనుకుంటారు. మనది పొడి ఎండ, అక్కడ గాలే తడి. పదింటికల్లా చొక్కా పిండుకోవాలి. పొద్దున ఏడు నుంచి పది, మళ్ళీ నాలుగు తర్వాత తిరగండి. మధ్యాహ్నం ఏదైనా ఇంట్లోకో మ్యూజియంలోకో దూరండి.

ఒకటే వీధిలో నాలుగు మతాల గుళ్ళున్నాయని గైడ్లు గొప్పగా చూపిస్తారు. 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి, చీనావాళ్ళ క్వాన్ యిన్ అమ్మవారి గుడి, 1801లో మొదలైన కపితాన్ కెలింగ్ మసీదు, పక్క వీధిలో 1833 నాటి మహామారియమ్మన్ గుడి. నిజమే, చూడదగ్గవే. క్వాన్ యిన్ గుడి ముందు మనిషెత్తు అగరొత్తుల పొగలో చిన్నోడి కళ్ళు మండి ఏడ్చాడు కూడా. కానీ దేవుని కడప గుళ్ళో ఉగాది రోజు ముస్లింలు వరుస కట్టడం చూస్తూ పెరిగిన మా అమ్మకి ఇందులో వింతేమీ కనపడలేదు. మారియమ్మన్ గుళ్ళో పూజారి తమిళంలో పలకరిస్తే కడప తెలుగులోనే జవాబు చెప్పి, తీర్థం తీసుకుని, అరుగు మీద చాలాసేపు కూర్చుంది. ఆ గుడి వెనకా ముందూ లిటిల్ ఇండియా. మల్లెపూలు, ఇడ్లీలు, చీరలు, స్పీకర్లలో పాటలు. ఇంటి మీద బెంగ పట్టినవాళ్ళు ఇక్కడికొస్తే చాలు.

ఇప్పుడు బ్లూ మాన్షన్. లీత్ వీధిలో ఉంది. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే డబ్బులిచ్చి లోపలికెళ్ళదగ్గ ఇల్లు ఈ ఊళ్ళో ఏదైనా ఒకటే చూడాలంటే ఇదే.

కట్టించినవాడు చియోంగ్ ఫాట్ జీ. చీనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి కుర్రవాడిగా చేతిలో ఏమీ లేకుండా బటావియాకి (ఇప్పటి జకార్తాకి) వచ్చి, రకరకాల వ్యాపారాలతో ఆసియాలోనే పెద్ద కోటీశ్వరుడయ్యాడు. పెనాంగ్‌లో చీనా ప్రభుత్వానికి వైస్ కాన్సల్‌గా కూడా పనిచేశాడు. 1916లో పోయినప్పుడు డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ జెండాలు సగానికి దించారట. భార్యలు ఎనిమిదిమంది, ఈ ఇంట్లో ఉన్నది ఆయనకి బాగా ఇష్టమైన ఏడో ఆవిడ. గైడు ఈ సంగతి చెప్పినప్పుడు మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

గదులు 38, మండువాలు 5, మెట్ల వరసలు 7, కిటికీలు 220. లెక్కలు గైడు చెప్తాడు, అవి కాదు విషయం. గోడలు చూడండి. ఇల్లంతా ముదురు నీలం. అది పెయింట్ కాదు, సున్నంలో నీలిమందు కలిపి కొట్టినది. మన ఇళ్ళల్లో పండక్కి వెల్లవేసేటప్పుడు తెలుపు మెరవాలని చిటికెడు నీలిమందు వేస్తాం కదా, ఇక్కడ ఆ చిటికెడుని బకెట్లు చేశారు. దగ్గరికెళ్ళి వేలితో రాస్తే (గైడు అటు తిరిగినప్పుడు రాశాను) కొంచెం పొడి అంటుతుంది. దూరం నుంచి ఒకే నీలంలా ఉన్న గోడ, దగ్గర నుంచి మబ్బులు మబ్బులుగా, ఒకచోట లేతగా, వాన తగిలినచోట ముదురుగా ఉంటుంది. ప్లాస్టిక్ ఎమల్షన్‌లో ఆ రంగు పుట్టదు.

నాకు ఇంకో సంగతి నచ్చింది. అంత తడి గాలి ఉన్న ఊళ్ళో గోడకి సున్నమే ఎందుకు వేశారు? పాత ఇటుక మెత్తన, నేలలోని తడిని పైకి లాగుతుంది. సున్నం పూత ఆ తడిని లోపల బంధించదు, పీల్చుకుని ఎండకి వదిలేస్తుంది. అదే గోడకి సిమెంట్ పూత వేశారనుకోండి, తడి ఇటుకలోనే చిక్కుకుని, ఉప్పు పొంగి, రెండు మూడు వానలకి పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. జార్జ్ టౌన్‌లో రెండు రకాల గోడలూ పక్కపక్కనే కనిపిస్తాయి. కడపలో పాత ఇళ్ళకి సిమెంట్ కొట్టించి ఆర్నెల్లకే నాకు ఫోన్ చేసి తిట్టే ఓనర్లని ఒకసారి ఇక్కడికి తీసుకురావాలనిపించింది. మా నాయన కాలంలో గానుగకి ఎద్దుల్ని కట్టి ఇసుకా సున్నం కలిపి రుబ్బేవాళ్ళు, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసేవాళ్ళు. ఆ డంగు సున్నం చేసే మనిషి కోసం ఇవాళ జిల్లా అంతా వెతకాలి. అక్కడ మాత్రం వెతికి పట్టుకున్నారు. 1989లో కొందరు స్థానికులు కలిసి పాడుబడ్డ ఈ ఇంటిని కొని, పాత పద్ధతిలోనే బాగుచేయించారు. ఆ పనికి 2000లో యునెస్కో బహుమతి వచ్చింది. కప్పు అంచుల మీద పూలూ పక్షులూ ఉంటాయి చూడండి, రంగు పింగాణీ గిన్నెల్ని పగలగొట్టి, ముక్కల్ని పటకారుతో కత్తిరించి ఒక్కొక్క రెక్కగా అతికించినవి అవి. నెమలి మెడలో ఒక ముక్క మీద గిన్నె అంచు గీత అలాగే ఉంది. చేసినవాడి చెయ్యి కనపడేది అలాంటిచోటే.

నడిమి మండువాలో వాన నీళ్ళు నేరుగా ఇంట్లోకి పడతాయి. నీళ్ళంటే డబ్బని వాళ్ళ నమ్మకం, అందుకే రాగానే బయటికి పోనివ్వకుండా నిదానంగా పోనిస్తారు. మేస్త్రి భాషలో చెప్పాలంటే వాటం (వాలు) చాలా తక్కువిచ్చారు, అయినా ఎక్కడా మడుగు కట్టలేదు. మేం ఉండగానే వాన వచ్చింది. అందరూ ఫొటోలు తీస్తుంటే నేను వంగి నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తున్నా. "ఇంతదూరం వచ్చి మోరీ చూస్తాండావా?" అంది అమ్మ.

నీలిమందు ఇండియా నుంచి తెప్పించారని గైడు చెప్పాడు. 19వ శతాబ్దంలో మద్రాసు రాష్ట్రంలో నీలిమందు బాగా పండిన జిల్లాల్లో మన కడప ఒకటి. 1897లో జర్మనీవాళ్ళు ఫ్యాక్టరీలో చేసిన నీలం అమ్మడం మొదలుపెట్టాక ఆ పంట మనవైపు లేకుండా పోయింది. ఇది నేను చెప్పగానే అమ్మ "అయితే ఇది మన నీలిమందే" అని తేల్చేసింది. పక్కనున్న ఆస్ట్రేలియా జంటకి కూడా చేతిసైగలతో చెప్పింది. నేను కాదనలేదు.

టూర్ ఇంగ్లీషులో ఉంటుంది, గైడు జోకులు చాలా వేస్తాడు, పిల్లలకి సగం అర్థమవుతుంది. లోపల కొన్ని గదులు హోటల్‌గా నడుస్తున్నాయి కాబట్టి అన్నీ చూడనివ్వరు. చెప్పులు వేసుకునే తిరగొచ్చు, కానీ పై అంతస్తుకి మెట్లే. అమ్మ కింది మండువాలో కూర్చుంది, అక్కడి నుంచే సగం అందం కనిపిస్తుంది.

రెండోది ఖూ కొంగ్సి. ఫుజియన్‌లోని ఒకే ఊరి నుంచి వచ్చిన ఖూ ఇంటిపేరువాళ్ళు కట్టుకున్న కులం సత్రం లాంటిది, గుడి కూడా. ముందు కట్టినది 1901లో కాలిపోయింది, మరీ గొప్పగా కట్టడం వల్ల దేవుళ్ళకి కోపమొచ్చిందని చెప్పుకున్నారు. 1906కల్లా కొంచెం తగ్గించి మళ్ళీ కట్టారు. ఇది తగ్గించినదా అని మీరే నోరు తెరుస్తారు. లోపలికి వెళ్ళే దారి ఇరుకు సందు, శత్రువులు గుంపుగా రాకుండా. శత్రువులంటే ఎవరో కాదు, పక్క వీధివాళ్ళే. 1867లో ఘీ హిన్, తో పే కాంగ్ అనే చీనా ముఠాలు చెరొక వైపు మలయ్, భారతీయ ముస్లిం ముఠాల్ని కలుపుకుని వీధుల్లో రోజుల తరబడి కొట్టుకున్నాయి. ఫ్యాక్షన్ అనగానే లోకమంతా మన కడప వైపే వేలు చూపిస్తుంది. పెనాంగ్ వచ్చి ఈ బోర్డు చదవమనాలి.

కోట దగ్గర పెద్దగా ఆశపడకండి. ఫోర్ట్ కార్న్‌వాలిస్ గోడలు తక్కువ ఎత్తు, అక్కడ యుద్ధమే జరగలేదు. గండికోట, సిద్ధవటం చూసిన కళ్ళకి అది ప్రహరీగోడ. 1603 నాటి డచ్చి ఫిరంగి ఒకటుంది, పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు దాని నోట్లో పూలు పెట్టే ఆచారమట. చిన్నోడికి ఆ ఫిరంగి నచ్చింది, మాకు అక్కడి సముద్రపు గాలి.

బీచ్ స్ట్రీట్ అని ఉంది, అక్కడ బీచ్ లేదు. ఒకప్పుడు అలలు అక్కడికే వచ్చేవి, 19వ శతాబ్దం చివర్లో సముద్రాన్ని పూడ్చి ఒడ్డుని ముందుకి జరిపారు. ఆ పూడ్చిన ఒడ్డుకి అవతల, నీళ్ళ మీద కొయ్య స్తంభాలు పాతి కట్టుకున్న ఇళ్ళే క్లాన్ జెట్టీలు. చ్యూ జెట్టీ ముందువైపంతా దుకాణాలు. చివరిదాకా వెళ్తే ఇంకా ఇళ్ళే, టీవీ చప్పుడు, ఆరేసిన బట్టలు. మనుషులుండే చోటు అది, కిటికీల్లోకి ఫోన్ పెట్టకండి. మా కళ్ళముందే ఒకావిడ ఒక టూరిస్టుని కసిరింది, సబబే.

గోడ బొమ్మల కోసం ఆర్మీనియన్ వీధిలో క్యూ ఉంటుంది. 2012లో ఎర్నెస్ట్ జకారెవిచ్ అనే లిథువేనియా కుర్రాడు నిజం సైకిల్ని గోడకి బిగించి దానిమీద ఇద్దరు పిల్లల్ని గీశాడు. బాగుంది. దాంతో ఫొటో కోసం ఎండలో నిలబడేంత బాగుందా అంటే, పిల్లల్ని అడగండి. నాకు ఇనప కడ్డీలు వంచి చేసిన బొమ్మలే నచ్చాయి, ఆ వీధిలో ఎవరు ఏ పని చేసేవారో వెటకారంగా చెప్తాయి. ఆ పనులు చేసినవాళ్ళు చాలామంది ఇప్పుడు అక్కడ లేరు. అద్దెలు పెంచకుండా కాపాడిన చట్టాన్ని 2000 నాటికి ఎత్తేశాక తరాలుగా ఉన్న కుటుంబాలు ఖాళీ చేశాయి, వాళ్ళ అంగళ్ళలో ఇప్పుడు కాఫీ షాపులు వచ్చాయి. నాలుగున్నర మార్కుల్లో ఆ అర తగ్గించింది ఇందుకే.

తిండి. నాసి కందార్ తప్పకుండా తినండి. తమిళ ముస్లింలు కావడిలో ఒకవైపు అన్నం, ఇంకోవైపు కూరలు పెట్టుకుని రేవు కూలీలకి అమ్మిన తిండి. ఇప్పుడు హోటళ్ళయ్యాయి. అన్నం మీద కోడి వేపుడో చేపో పెట్టి, నాలుగైదు రకాల పులుసులు ఒకదాని మీద ఒకటి పోస్తాడు. అన్నం మునిగేలా పోయమంటే "బంజీర్" అనాలి. మన కారం ముందు నిలబడదు, కానీ ఆ పులుసుల కలయిక వేరే చోట దొరకదు. శాకాహారులకి ఒక హెచ్చరిక: బెండకాయ అడిగినా చేపల పులుసు గరిటతోనే వేస్తాడు. అమ్మ ఆ గరిట చూసి లేచిపోయింది. ఆమెకి రోటీ చనాయ్, పప్పు, లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం, మేం తీసుకెళ్ళిన శెనక్కాయల పొడి, వీటితోనే గడిచింది. చార్ క్వే టియావ్ అనే నూడుల్స్ వేపుడు నిప్పు సెగ మీద ఘుమఘుమలాడుతుంది, చాలాచోట్ల పంది కొవ్వు వేస్తారు, తినని వాళ్ళు ముందే అడగండి. పిల్లలు మాత్రం చెండోల్ దగ్గరే కాపురం పెట్టారు. తురిమిన ఐసు, కొబ్బరిపాలు, పచ్చటి సేమ్యాలాంటివి, ఎర్ర చిక్కుడు గింజలు, పైన తాటిబెల్లం పాకం. నిలబడే తాగాలి, క్యూ త్వరగానే కదులుతుంది.

పెనాంగ్ కొండకి 1923 నుంచి నడుస్తున్న కేబుల్ రైలుంది, బండ్లు మాత్రం కొత్తవి. పొద్దున్నే వెళ్తే సరే, పది దాటితే లైను చూసి వెనక్కి రండి.

కొనడానికి పెద్దగా ఏమీ లేవు. ఈ ద్వీపంలో జాజికాయ ఇప్పటికీ పండుతుంది, దాని రసం, ఊరగాయ, నొప్పులకి రాసే నూనె అమ్ముతారు. అమ్మ మోకాళ్ళకని రెండు సీసాల నూనె తీసుకుంది, పనిచేస్తోందంటోంది. చిన్న సీసాలే తీసుకోండి, లేదా చెకిన్ పెట్టెలో సర్దండి. 100 మిల్లీలీటర్లు దాటిన సీసా చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు.